రోదసి ఓడకి దాతలు

మా బిల్డింగులో ప్రతి ఇంటికీ బాల్కనీ నుంచి వీధిలోకి వేలాడే తాడు ఒకటి ఉంటుంది. పై కొసన గంట, కింది కొసన క్లిప్పు. యాంగోన్‌లో లిఫ్టు లేని ఇళ్ళన్నిటికీ ఇదే లిఫ్టు. పేపరువాడు పేపరు తగిలిస్తాడు, కూరలమ్మి సంచీ తగిలిస్తుంది. చుట్టాలు కిందనుంచి తాడు లాగుతారు. మనం తొంగి చూసి, కావలసిన చుట్టమైతే తాళంచెవి క్లిప్పుకి తగిలించి దించుతాం. కాకపోతే ఇంట్లో లేం. ఏర్పాటు బాగానే ఉంది. నా ఫిర్యాదల్లా ఒకటే. మాది నాలుగో అంతస్తు. మూడో అంతస్తులో ఒక బర్మా పెద్దావిడ ఉంది. పెద్దవాళ్ళు కాబట్టి ‘దో’ అని మర్యాదగా పిలుస్తాం. ఆ దో గారి తాడూ, మా తాడూ ఒకే రంగు. ఆవిడ పువ్వులూ, ఆవిడ లాటరీ టికెట్లూ, ఆవిడ దగ్గుమందూ, ఆవిడ మనవడికి పాఠం చెప్పే ట్యూషను మాస్టారూ అందరూ వచ్చి మా గంటే మోగిస్తారు. తాడు మార్చుకోమని ఆవిడకి నేను, మమ్మల్ని మార్చుకోమని ఆవిడ, చాలాకాలంగా చిరునవ్వులతో చెప్పుకుంటున్నాం. కొత్త తాడు పెద్ద ఖరీదేం కాదు. అందుకే పట్టుదల మీద నడుస్తోంది.

ఇంత చిన్న విషయం ఎందుకెత్తానంటే, ఆ గంట కట్టిన కమ్మీకి జానెడు దూరంలో నా బల్ల ఉంది. నేనక్కడ ఊపిరి బిగబట్టి, నాలుగు వెంట్రుకలున్న కుంచెతో ఒక గీత గీస్తుంటాను. సరిగ్గా అప్పుడే మూడో అంతస్తు దగ్గుమందు వస్తుంది. ఆ తరవాత ఆ గీత ఎక్కడికి పోయిందో వెతుక్కోవాలి.

బల్ల అంటే ఉద్యోగం బల్ల కాదు. ఉద్యోగం ఇక్కడే పజుండౌంగ్‌లో, రెండు వీధులవతల. స్టిక్కర్లూ సైన్‌బోర్డులూ చేసే చిన్న షాపు. కాలేజీలో నేను చదివింది ఫిజిక్సు, అదీ దూరవిద్యలో. ఫిజిక్సు ఇప్పటికీ అంతే దూరంలో ఉంది. ఇక బాల్కనీ బల్ల మీద నేను చేసేది, ప్లాస్టిక్ ఓడలకి రంగులు వెయ్యడం. నీళ్ళలో పోయే ఓడలు కావు, చుక్కల మధ్య తిరిగేవి. ఇంతవరకూ ఎవరూ కట్టనివి. అట్టపెట్టెలో ముక్కలుగా వస్తాయి. ముక్కలు కోసి, సాన పట్టి, జిగురు పెట్టి అతికిస్తే మోచెయ్యంత పొడుగున బూడిదరంగు ఓడ తయారౌతుంది. మామూలు మనుషులు ఇక్కడితో ఆపేసి షోకేసులో పెట్టుకుంటారు. మా బోటివాళ్ళకి అసలు పని ఇక్కడ మొదలౌతుంది. కొత్త ఓడని పాతది చెయ్యాలి. ఇంజన్ల వెనక మసి, అతుకుల దగ్గర తుప్పు, టాంకీ మూత చుట్టూ నూనె మరక, పదేపదే తెరిచి మూసిన తలుపు అంచున రంగు పోయి కనిపించే లోహం. ఇవన్నీ ఒక్కొక్కటిగా, పల్చటి రంగు పూసి, తుడిచి, మళ్ళీ పూసి, మళ్ళీ తుడిచి రప్పించాలి. వేరే గ్రహాల దుమ్ముకి, ఇక్కడి ఆడవాళ్ళు చెంపలకి రాసుకునే థనఖా పొడి బాగా పనికొస్తుంది. రంగూ సరిపోతుంది, వాసన కూడా బాగుంటుంది. గ్రహాంతరాల్లో ఏం వాసనొస్తుందో తెలిసినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి అభ్యంతరాలు రాలేదు.

మా ఆవిడకి ఈ పని మొదట్లో అర్థం కాలేదు. ఇప్పుడూ కాలేదు. కాకపోతే ప్రశ్నలు తగ్గాయి.

“ఏటండీ, డబ్బెట్టి కొత్తది కొని తుప్పు పట్టించడమేటి? మనింట్లో తుప్పట్టినవి లేవా?”

“ఇది చేత్తో వేసిన తుప్పు.”

“మన వంటింటి కిటికీది?”

“అది దానంతటదే పట్టింది. దాన్లో కళేం లేదు.”

ఆవిడ కిటికీ వంకా, నా వంకా చూసి, రెంటిలో ఏది ముందు బాగుచేయించాలా అన్నట్టు కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

మాకొక సంఘం ఉంది. సంఘం అంటే, ఆదివారం పొద్దున ఒక టీ కొట్లో చిన్న చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళ మీద మోకాళ్ళు గెడ్డానికి ఆనేట్టు కూర్చునే కొందరు పెద్దమగవాళ్ళు. మా అందరికీ పెద్ద ఒక బర్మా ఆయన, రిటైరైన లెక్కల మాస్టారు. ‘సయా’ అంటాం, అంటే గురువుగారని. ఆయన ఎవర్నీ తిట్టరు. మోడల్ని చేతిలోకి తీసుకుని, వెలుతురుకి తిప్పి, చుట్టూ చూసి, బల్ల మీద పెట్టేసి టీ తాగుతారు. ఆ టీ అయ్యేదాకా మనం ఊపిరి తీసుకోకూడదు. ఆ యేడు వానాకాలం ముందు, నేను చాలా కష్టపడి పాతది చేసిన సరుకుల ఓడ ఒకటి ఆయన చేతికిచ్చాను. ఆయన చూశారు. టీ తాగారు. ఇంకో టీ తెప్పించుకున్నారు.

“ఓడ పాతబడింది. బాగా పాతబడింది,” అన్నారు. “కానీ ఇందులో ఎవరూ కాపురం ఉన్నట్టు లేదు.”

మిగతావాళ్ళు సానుభూతిగా కప్పుల్లోకి చూసుకున్నారు.

ఇంటికొచ్చి ఆలోచించాను. మాట నిజమే. నా తుప్పంతా వానకి పట్టిన తుప్పు. మనుషుల వల్ల అయిన మురికి ఒక్కటీ లేదు. మనుషులున్న చోటు ఎలా ఉంటుందో చూద్దామని వారం రోజులు ఊరంతా కొత్త కళ్ళతో తిరిగాను. తిరిగితే ఏం కనబడిందంటే, మా ఊళ్ళో పేరు లేని వస్తువు లేదు. పగోడా మెట్టు మీద దాత పేరు. చెట్టు కింద సిమెంటు బెంచీ మీద దాత పేరు. దారిన పోయేవాళ్ళు తాగడానికి పెట్టిన మంచినీళ్ళ కుండల గూటి మీద దాత పేరు, ఆయన భార్య పేరు, పిల్లల పేర్లు. ఇక మా తెలుగువాళ్ళ అమ్మవారి గుడి హాల్లో సంగతి చెప్పక్కర్లేదు. గడియారం మీద ఒకరి నాన్నగారు, స్టీలు బకెట్ల మీద ఒకరి అత్తగారు. ట్యూబులైటు మీద ఎర్ర రంగుతో ఎంత వంశవృక్షం రాశారంటే, దాని కింద కూర్చుంటే ఎదుటివాళ్ళ మొహం కనపడదు. అమ్మవారి మొహం మీద తప్ప అన్నిటి మీదా ఎవరో ఒకరి జ్ఞాపకం ఉంది.

అప్పుడు తట్టింది నాకు. రేపెప్పుడైనా మావాళ్ళు అంతరిక్షంలోకి ఓడ పంపాల్సొస్తే ఎలా పంపుతారు? చందాలు వేసుకునే పంపుతారు. పంపాక, ఇచ్చినవాళ్ళ పేర్లు ఓడ మీద రాయకుండా ఉంటారా? ప్రతి రేకు మీదా, ప్రతి టాంకీ మీదా, ప్రతి కిటికీ కిందా రాస్తారు. ఇంత సహజమైన సంగతి ప్రపంచంలో ఓడల పెట్టెలమ్మే కంపెనీ ఒక్కదానికీ తట్టలేదు. వాళ్ళ పెట్టెల్లో వచ్చే స్టిక్కర్లన్నీ ‘ఇక్కడ తొక్కరాదు’, ‘అపాయం’ లాంటివే. తొక్కకూడని చోట ఎవరు తొక్కారో మాత్రం ఎవరూ రాయరు.

అదే ఓడ ముందేసుకుని పనిలోకి దిగాను. తెలుగక్షరాలు రాయడం నాకు షాపులో అలవాటే, పెళ్ళి కార్డులకీ గుడి బ్యానర్లకీ మావాళ్ళంతా నా దగ్గరికే వస్తారు. చిక్కు సైజుతో వచ్చింది. ఈ ఓడ లెక్కలో మనిషంటే ఒక బియ్యం గింజ. ఆ మనిషి నిచ్చెనేసుకుని గోడ మీద జానెడేసి అక్షరాలు రాశాడనుకుంటే, నా బల్ల మీద ఆ అక్షరం ఆవగింజలో సగం కూడా ఉండదు. తలకి భూతద్దం కట్టుకుని, మోచెయ్యి బల్లకి ఆనించి, ఊపిరి వదిలాక మళ్ళీ తీసుకునే లోపల ఒక సున్న చుట్టాలి. తలకట్టుకి ఇంకో ఊపిరి. కరెంటు ఉన్నప్పుడు ఫ్యాను గాలికి రంగు కుంచె మీదే ఆరిపోతుంది. లేనప్పుడు చెమట కారి అద్దం మీద పడుతుంది. వానాకాలంలో అయితే వేసిన రంగు ఆరాలా వద్దా అని రెండు రోజులు ఆలోచిస్తుంది. అయినా వచ్చింది. గుండ్రటి తెలుగక్షరాలు బూడిదరంగు రేకు మీద వరసగా కూర్చుంటే, ఆ ఓడ కట్టినచోట ఎవరో పులిహోర కూడా పంచి ఉంటారనిపించింది.

పేర్లు మాత్రం కల్పించలేకపోయాను. ఏ పేరు కల్పించినా మా గుళ్ళో ఎవరో ఒకరిది అయి కూర్చుంటోంది. ఇదెందుకని, గుడి గోడ మీది పేర్లే తీసుకుని రాసేశాను. కంటికి కనపడని అక్షరాలు, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

మా ఆవిడకి తెలిసింది. శుక్రవారం కుంకుమపూజకి వెళ్ళి ఊరుకోలేక నవ్వుతూ ఎవరికో చెప్పింది. ఆ తరవాతి వారం నేను గుడి హాల్లో అడుగు పెట్టేసరికి కమిటీ ప్రెసిడెంటుగారు నా కోసమే నిలబడి ఉన్నారు. పెద్దమనిషి. పట్టు కండువా వేసుకుని, తాళాలగుత్తి ఆడిస్తూ మాట్లాడతారు.

“ఏటి బాబూ, ఏదో ఓడ కట్టినావంట. మా నాన్నగారి పేరెట్టినావంట.”

“పెట్టానండీ.”

“అడగకుండా పెట్టీసినావు. సరే, మంచిదే. ఎంత సైజు?”

“ఆవగింజలో సగమండీ.”

“ఓడా?”

“అక్షరమండీ.”

తాళాలగుత్తి ఆగింది. “పక్కనెవరున్నారు?”

ఫలానా బియ్యం కొట్టువాళ్ళ తాతగారున్నారని చెప్పాను.

“ఆళ్ళిచ్చింది గోడ గడియారం బాబూ. అదీ వెనకబడి తిరుగుద్ది. మా నాన్నగారిది మండపం. రెండూ ఒకే సైజేటి?”

“స్కేలండీ. అంతరిక్షంలో అందరూ సమానమేనండీ.”

“అంతరిక్షంలో కమిటీ నేదేటి?”

ఇది ఫిజిక్సులో లేని ప్రశ్న. “మీ నాన్నగారిది ఇంధనం టాంకీ మీద రాశానండీ. అది లేకపోతే ఓడ కదలదు,” అన్నాను. ఆయన కండువా సర్దుకుని, అది సబబే అన్నారు. అప్పటికే చుట్టూ పదిమంది మూగారు. ఎవరి నాన్న ఎక్కడ, ఎవరి అత్త మసి గొట్టం పక్కన పడింది అని విచారణ మొదలైంది. తప్పించుకోవడానికి నేను గట్టిగా ఒక మాట అన్నాను. చోటు ఎక్కడైనా సరే, సైజు మాత్రం అందరికీ ఒకటే, ఎవరొచ్చి అడిగినా మార్చేది లేదు, అని. బతుకులో నేను పదిమంది ముందు పెట్టిన రూలు అదొక్కటే. ఇంట్లో ఏ రూలూ పెట్టే అవకాశం రానందుకేమో, దాని మీద నాకు కొంచెం మోజు కూడా కలిగింది.

అప్పుడు పెద్దమ్మ వచ్చింది.

మా అమ్మ అక్క. ఇదే ఊళ్ళో, మింగళ తౌంగ్‌న్యున్‌లో రైలు స్టేషను వెనక రెండు గదుల ఇంట్లో ఉంటుంది, జంతికలు చేసి షాపులకి వేస్తుంది. పెదనాన్న పోయి కొన్నేళ్ళయింది. తన్లిన్ రేవులో సరుకులెత్తే వించి యంత్రం నడిపేవాడు. చిన్న మనిషి. మాట చిన్నది, అడుగు చిన్నది. ఎక్కడ పెళ్ళయినా పేరంటమైనా అందరికన్నా ముందొచ్చి బెంచీలు మోసి, అందరూ తిన్నాక ఆఖరి బంతిలో నిలబడే తినేసేవాడు. నా పెళ్ళి ఆల్బంలో ఆయన ఎక్కడా లేడు. ఒక ఫొటో అంచున బెంచీ పట్టుకున్న చెయ్యి మాత్రం ఉంది. అది ఆయనదేనని పెద్దమ్మ అంటుంది, మా బాబాయిదని మా అమ్మ అంటుంది. ఆల్బం తీసినప్పుడల్లా అదొక నవ్వు మా ఇంట్లో.

ఆయన బతికుండగా చేసిన గొప్ప పని ఒకటుంది, గుడి హాలుకి ఒక సీలింగు ఫ్యాను ఇవ్వడం. మూడు రెక్కల మీదా తెల్ల రంగుతో రాయించారు. ఒక రెక్క మీద ఇంటిపేరు, ఒకదాని మీద పేరు, మూడోదాని మీద ‘ఇచ్చినది’ అని. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ పేరు ఎవరికీ కనపడేది కాదు. మా ఊరి కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి, మొత్తం మీద బాగానే కనపడేది. ఆయన పోయాక కొన్నాళ్ళకి ఎవరో రిమోటుతో తిరిగే కొత్త ఫ్యాన్లు ఇచ్చారు. పాతది దించేశారు. అది ఏమైందో ఎవరూ చెప్పలేదు. పాత సామాన్ల బండి ఎక్కి ఉంటుంది. పెద్దమ్మ కమిటీని అడిగింది, ఆయన పేరు ఇంకెక్కడైనా రాయమని. కొత్తగా ఏదైనా ఇస్తే తప్పకుండా రాస్తామన్నారు. “ఇచ్చినాం గదా ఒకసారి. మళ్ళీ ఇవ్వడమేటి, ఆయన మళ్ళీ సచ్చిపోనాడేటి?” అనేసి వచ్చేసింది. అప్పట్నుంచి పండగకి కూడా హాల్లో కూర్చోదు. అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, తల ఎత్తకుండా బయటికొచ్చేస్తుంది. తల ఎత్తితే కొత్త ఫ్యాను కనిపిస్తుందని.

మా గంట ఒకసారి మోగితే కూరలు, రెండుసార్లు మోగితే చుట్టాలు. పెద్దమ్మ అయితే తాడు పట్టుకుని వేలాడుతుంది. ఆ రోజు నేను ఎవరిదో ఇంటిపేరు దీర్ఘంలో ఉన్నాను. గంట మోతకి ఆ దీర్ఘం రెక్క దాటి, కిటికీ దాటి, తోక దాకా వెళ్ళింది. ఉల్క గీరుకుపోయిందని సర్ది చెప్పుకుని తొంగి చూశాను. కింద సైకా, అంటే పక్కన సీటున్న రిక్షా, ఆగి ఉంది. పెద్దమ్మ తాడు వదలకుండా పైకి చూస్తోంది.

“ఒరే! ఉన్నావేటిరా?”

“ఉన్నాను పెద్దమ్మా, పైకి రా! తాళం దించుతున్నాను.”

“నా మోకాళ్ళ సంగతి నీకు తెల్దేటి? నాలుగు మేడలెక్కితే మళ్ళీ దిగీది నేను కాదు, నన్ను దించీవోళ్ళు గావాల. నువ్వక్కడే ఉండు. నీ గొంతు ఇనపడతన్నాది.”

ఆవిడ గొంతు వినపడుతోందా లేదా అనే ప్రశ్న వీధిలో ఎవరికీ రాలేదు. మూడో అంతస్తు దో గారు బాల్కనీలోకి వచ్చేసింది. తెలుగు రాదు ఆవిడకి. అయినా ఒకసారి కిందకీ ఒకసారి పైకీ చూస్తూ కథ అందుకుంటోంది.

“నీ గాల్లో ఓడ మీద అందరి పేర్లూ రాసీసినావంట!”

“అందరివీ కాదు పెద్దమ్మా, ఏదో కొన్ని...”

“ప్రెసిడెంటు నాన్న పేరు రాసినావా నేదా?”

“రాశాను.”

“ఆడు నీకేటవుతాడు?”

“ఏం అవడు.”

“మీ పెదనాన్న నీకేటవుతాడు?”

ఇలాంటి లెక్కలు పెద్దమ్మ కింద నిలబడి వేస్తే పైనున్నవాడు తలొంచుకోవలసిందే. గుడి గోడ మీది పేర్లు తీసుకున్నాను. ఆయన పేరు గోడ మీద లేదు. అందుకని తట్టలేదు. ఇది కారణమే గానీ, వీధిలోకి అరిచి చెప్పదగ్గ కారణం కాదు. “అదే అనుకుంటున్నాను పెద్దమ్మా! మంచి చోటు చూసి రాద్దామని ఆగాను!” అన్నాను. అబద్ధం నాలుగో అంతస్తు నుంచి ఆడితే కొంచెం తేలిగ్గా ఉంటుంది. కిందకి చేరేసరికి బరువు తగ్గుతుంది.

పెద్దమ్మ తాడు వదిలింది. చెంగుతో మొహం తుడుచుకుంది.

“సరే. తిరిగీ చోట మాత్రం ఒద్దు. రెక్కల మీద రాయించి చూసినాం, ఏటయ్యిందో చూసినావు గదా. కదలకుండా ఉండీ చోట రాయి. వచ్చినోడికీ ఎల్లినోడికీ కనపడాల. చదవాల. ఇంకెక్కడా నేదురా ఆ పేరు. నీ దగ్గిరొక్కటే ఇంక.”

“అలాగే పెద్దమ్మా.”

“బాగా రాస్తావా?”

“అందరికన్నా బాగా రాస్తాను.”

ఆవిడ సంచీలోంచి జంతికల పొట్లం తీసి క్లిప్పుకి తగిలించి, లాక్కోమని చెయ్యి ఊపి, సైకా ఎక్కి వెళ్ళిపోయింది. దో గారు నన్ను చూసి, ఏం జరిగింది అన్నట్టు తల ఎగరేసింది. ఒక పేరు రాయాలట అని బర్మాలో చెప్పాను. పుణ్యం వస్తుంది, రాయి, అంది ఆవిడ. ఆవిడకి తాడు విషయంలో తప్ప అన్నిటిలోనూ న్యాయబుద్ధి ఉంది.

చోటు తేలిగ్గానే దొరికింది. ఓడకి పక్కన, సిబ్బంది ఎక్కే తలుపు ఒకటుంది. ఓడలోకి ఎవరొచ్చినా, బయటికి ఎవరెళ్ళినా దాని పక్కనించే పోవాలి. తిరగదు, ఊగదు. అక్కడ ఎవరి పేరూ రాయలేదు నేను, మంచి చోటని దాచుకున్నాను. రాయడానికి మాత్రం ఎప్పుడూ పడనంత కష్టపడ్డాను. రాశాను, నచ్చలేదు, చెరిపాను. మళ్ళీ రాశాను. ఒకసారి ఒత్తు వంకరపోయింది. ఇంకోసారి అక్షరాలు సరిగ్గా వచ్చాయి గానీ, మొదటిది లావు, చివరిది సన్నం, ఆయన నడక లాగే తగ్గుకుంటూ పోయాయి.

మా ఆవిడ టీ తెచ్చి, భూతద్దంలోంచి చూసింది.

“ఇదొక్కటీ కాస్త పెద్దగా రాయకూడదా?”

“రూలు పెట్టాను కదా. ప్రెసిడెంటుగారు ఊరుకుంటారా? రేపు గడియారంవాళ్ళొస్తారు, ఎల్లుండి బకెట్లవాళ్ళు.”

“ఊరుకోకపోతే ఏటి చేస్తారు, ఓడ దింపీస్తారా?”

“అది కాదే. ఆ తలుపెంత? బియ్యం గింజన్నర. దాని పక్కన పెద్దక్షరాలు పెడితే సినిమా హాలు బోర్డులా ఉంటుంది. నిజంగా ఉండాలి కదా.”

“ఏది?”

“ఓడ.”

ఆవిడ ఇంకేదో అనబోయింది గానీ, సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది. మా ఊళ్ళో కరెంటొచ్చినప్పుడు ఎవరూ వాక్యాలు పూర్తి చెయ్యరు. ఆవిడ రైస్ కుక్కరు దగ్గరికి పరిగెత్తింది, నేను ఫోను ఛార్జికి పెట్టడానికి పరిగెత్తాను.

సైజు మార్చలేదు గానీ, ఒకటి చేశాను. మిగతా పేర్లన్నిటి మీదా మసి పూశాను, వాన చారలు లాగాను, సగం అక్షరాలు వెలిసిపోయినట్టు చేశాను. ఎంత గొప్ప దాత పేరైనా ఇచ్చిన మర్నాటి నుంచి ఎవరూ తుడవరు, అది మా గుళ్ళో చూసిందే. పెదనాన్న పేరు దగ్గర మాత్రం మసి వెయ్యలేదు. ఆ కాస్త మేరా రేకు మెరుస్తూ ఉంచి, చుట్టూ మురికి గుండ్రంగా ఆగిపోయినట్టు చేశాను. రోజూ ఎవరో పని మీద పోతూ పోతూ అరచేత్తో అక్కడ ఒకసారి తుడిచి పోతున్నట్టు. ఆ తుడిచిన జాడ రావడానికి పేరు రాసినంత కాలమూ పట్టింది. నేను ఇంతవరకూ వేసినవాటిలో బాగా వచ్చిన మురికి అదేనని ఇప్పటికీ నా అభిప్రాయం. అంటే, మురికి లేకపోవడం.

వానలు తగ్గాక మా సంఘంవాళ్ళు ఒక షాపింగ్ సెంటరు పై అంతస్తులో మోడళ్ళన్నీ పెట్టి చూపించారు. లిఫ్టు పనిచేస్తోంది, కరెంటు ఉంది, ఏసీ కూడా ఉంది. దాంతో జనం బాగానే వచ్చారు. ఎంతమంది మోడళ్ళ కోసం వచ్చారో, ఎంతమంది చల్లగాలి కోసం వచ్చారో మేం విచారించలేదు. ప్రతి మోడలు పక్కనా ఒక భూతద్దం పెట్టారు.

సయా ముందుగా వచ్చారు. నా ఓడ దగ్గర వంగి, ముక్కు నుంచి తోక దాకా మెల్లగా చూసుకుంటూ వెళ్ళారు. తలుపు దగ్గర ఆగారు. తెలుగు ఆయనకి రాదు. మా అక్షరాలూ వాళ్ళ అక్షరాలూ గుండ్రంగానే ఉంటాయి కాబట్టి, అవి అక్షరాలని మాత్రం తెలుసు.

“ఇక్కడ ఎవరు తుడుస్తున్నారు?” అన్నారు.

“ఎవరో ఉన్నారు సయా,” అన్నాను.

తల ఊపారు. “ఇప్పుడు ఉన్నారు,” అని, పక్క బల్లకి వెళ్ళిపోయారు. ఆయన దగ్గర టీ లేకుండా మెప్పు రావడం అదే మొదలు. ఆ మధ్యాహ్నమంతా నేను ఎవరేం అడిగినా నవ్వుతూనే జవాబు చెప్పాను. అది మా సంఘంవాళ్ళకి కొంచెం ఇబ్బందిగా కూడా ఉంది.

ప్రెసిడెంటుగారు కుటుంబంతో సహా వచ్చారు. భూతద్దం పెట్టి టాంకీ మీద వాళ్ళ నాన్నగారిని వెతికి పట్టుకుని, ఒక్కొక్కరినీ పిలిచి చూపించారు. “టాంకీ! అది నేకపోతే కదల్దు!” అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పారు. గడియారంవాళ్ళ పేరు మీద నేను లాగిన వాన చార ఆయనకి మరీ నచ్చింది. సైజు మాట ఎత్తలేదు. ఫొటో తీసుకుని, ఫోనులో వేళ్ళతో పెద్దది చేసుకుని మరీ తీసుకెళ్ళారు.

సాయంత్రం అవుతుండగా మా ఆవిడ పెద్దమ్మని తీసుకొచ్చింది. పెద్దమ్మ మంచి చీర కట్టుకుంది, ఎర్ర అంచుది, పండగలకి కూడా ఈ మధ్య తియ్యనిది. తల్లో పువ్వులు లేవు గానీ చేతిలో పొట్లంలో తెచ్చుకుంది, ఎక్కడ పెట్టాలో తెలీక. లిఫ్టు దిగాక చెప్పులు విప్పబోతే మా ఆవిడ వద్దంది.

“ఏదిరా?”

“ఇదిగో పెద్దమ్మా. ఇదీ ఓడ.”

చూసింది. “ఓలమ్మ, ఇంత మసేటిరా? తుడవరేటి?” అంటూనే, తప్పు అన్నానేమో అన్నట్టు నా మొహం చూసి, “బాగున్నాది. పెద్దదే. ఏదీ, ఆయనేడీ?” అంది.

నేను తలుపు చూపించాను. వేలు ఆనించకుండా, కుంచె వెనక కొసతో. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఈ పక్కనించే నడవాలనీ, ఇది తిరగదనీ, ఈ ఓడ మొత్తం మీద ఇంత మంచి చోటు ఇంకోటి లేదనీ చెప్పాను. ఇక్కడొక్కచోటే మసి లేదు చూడు, రోజూ ఎవరో తుడుస్తున్నట్టు వేశాను అని కూడా చెప్పాను. అది మనమే చెప్పుకోకూడదు, చూసేవాళ్ళు కనిపెట్టాలి. అయినా చెప్పాను.

పెద్దమ్మ వంగింది. కళ్ళజోడు సర్దుకుంది. మా ఆవిడ భూతద్దం చేతికిచ్చింది. ముందు తిరగేసి పట్టుకుంది, తరవాత సరిగ్గా పట్టుకుంది. దగ్గరికి జరిగింది, వెనక్కి జరిగింది. నేను దీపం కొంచెం తిప్పాను. ఆవిడ పెదాలు కదిలాయి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది. ఇంటిపేరు అయింది. పేరు మొదలైంది. మధ్యలో ఆగి, కళ్ళజోడు తీసి చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. వెనక ఎవరో చూడ్డానికి వచ్చి, ఆవిడ కదలకపోవడంతో పక్కకి పోయారు.

చివరికి నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా లేచింది. భూతద్దం బల్ల మీద పెట్టేసింది. కోపంగా ఏం లేదు. కూరల ధర చెప్పినట్టు, మామూలుగా అంది.

“బతికున్నన్నాళ్ళూ కూడా మీ కళ్ళకి ఆయన ఇంతే ఆనినాడురా.”